సగం రీళ్ల మనిషి

పాత టాకీసులు చూడనికి వచ్చిననంటివి,
మెడల కెమెరా ఏసుకొని.
మంచిదే. గడియారం కాడ దిగు.
ఆ గడియారాన్ని మాత్రం నమ్మకు.
మా ఊర్ల మ్యాట్నీ టైము చెప్పింది అది కాదు,
దిల్‌కుషా మైకు.

ముందుగాల దిల్‌కుషాకే పో.
ఇప్పుడది పత్తి గోదాము. వాచ్‌మన్‌కు చాయ్ తాగిపిస్తె
షట్టరు సగం లేపుతడు, వంగి పోవాలె.
బోరాల మీద బోరాలు, బాల్కనీ దాక తెల్లగ.
గోడకు చెయ్యి ఆనిచ్చి చూడు,
గరుకుగ తగులుతది. కొబ్బరి పీచు.
నిజాం కాలపు మేస్త్రి ఎవరో సున్నంల కలిపి కొట్టిండట
సప్పుడు మర్లి రాకుండ.
ఇయ్యాల్టికి గూడ అండ్ల నువ్వు దగ్గితె
ఆ దగ్గు నీకు వాపస్ రాదు.

నేను అండ్లనే పనిచేసిన.
టికెట్లు చింపలె, మిషిను తిప్పలె.
డబ్బాలు మోసిన.
ఒక్కటే ప్రింటు, రెండు టాకీసులు.
ఈడ నాలుగు రీళ్లు ఆడంగనే సైకిల్ క్యారేజీకి కట్టి
రైలు గేటు అవతల విజయభేరికి.
ఆడ అయిపోయినయి మళ్ల ఈడికి, సెకండ్ షోకు.
పదకొండేండ్లు.
ఒక్క సినిమా గూడ నిండ చూడలె.
పిల్లగాడు జాతరల తప్పిపోతె ఈడ చూసిన,
పెద్దగై తల్లికి దొరికితె ఆడ చూసిన,
నడుమ ఏమైందో పెద్దబండ మలుపు కాడ
పెడల్ తొక్కుకుంట నేనే కల్పించుకున్న.
నిజం చెప్పాల్నంటె
కొన్ని నేను కల్పించినయే బాగుండె.

రైలు కొత్తగ వచ్చిన ఏడు, ఎండకాలం.
గూడ్సు బండి గేటు కాడ నిలబడ్డది,
కదలది.
నా క్యారేజీ మీద అయిదో రీలు.
అవతల విజయభేరిల తెర తెల్లబడ్డది.
సీటీలు, తిట్లు, కుర్చీల సప్పుడు.
సర్వర్ మియా వెలుగు ఆర్పలె,
కార్బన్ కడ్డీలు మళ్ల అంటుకుంటయో లేదోనని.
అప్పుడు నేల క్లాసుల ఎవరో పోరడు
చేతులు లేపి కుక్కను చేసిండు.
తెర మీద అంత పెద్ద కుక్క, చెవులు ఆడిచ్చుకుంట.
ఇంకెవరో కొంగను.
ఆడోళ్ల దిక్కుకెల్లి గాజుల చేతులు రెండు
నెమలి లెక్క ఇచ్చుకున్నయి.
ఇరువై నిమిషాలు.
చెమటలు కక్కుకుంట నేను డబ్బా తెస్తె
"ఇంకింత సేపాగి రాకపోతివి" అన్నది సైదమ్మ,
టికెట్ల కిటికీలకెల్లి.

ఆ కుక్కను గూడ నేను చూడలె.
బుగ్గయ్య చెప్తె విన్న.
అతనూ చూడలె.

బుగ్గయ్య గేటు మనిషి.
మర్రిగూడ దిక్కు బోరు నీళ్లు తాగి పెరిగినోడు,
ఫ్లోరైడు మెడను గుంజ లెక్క బిగిచ్చింది.
మొత్తం మనిషి మర్రి కూసుంటె తెర కనపడు.
కని గేటు ఎవరు చూస్తరు?
తెరకు వీపు పెట్టి, స్టూలేసుకొని,
జనం మొఖాల మీద సినిమా చూసెటోడు.
ఎట్లుందే బుగ్గన్నా అని అడిగితె
"మూడో వరుస ముసల్ది కొంగు నోట్ల కుక్కుకున్నది.
ఒక పోరడు బీడీ మర్సి వేలు కాల్చుకున్నడు.
యాభై రోజులు పక్కా."
ఆ లెక్క ఎన్నడూ తప్పలె.

విజయభేరి ఉన్నదా అంటవా? ఉన్నది.
డబ్బాలు లేవు, సైకిలు లేదు,
సినిమా మీదికెల్లే దిగుతదట.
బుగ్గయ్య పోయిండు. స్టూలు ఉన్నది,
మూడు కాళ్లు, ఒక ఇటుక.

నిరుడు నేను గూడ టికెట్ కొన్న,
మొదలుకెల్లి ఆఖరు దాక చూద్దామని.
సగం కాంగనే కాళ్లు ఊకుంటలెవ్వు.
లేచి బయటికొచ్చిన. ఎటు పోవాల్నో తెల్వలె.
మళ్ల లోపలికి పోయి
స్టూలు మీద కూసున్న.
పన్నెండు మంది.
ఒకామె ఒడిల పిల్ల పండుకున్నది.
ఒకని మొఖం మీద ఫోను వెలుగు, అది వేరే రంగు.
గుండు తాత ఒకాయన, ఏమైందో ఏమో,
ఎవరూ నవ్వనికాడ నవ్విండు.
నా వెనుక ఏం జరుగుతున్నదో
మొత్తం తెలిసినట్టే ఉండె.

అగో, మాటల్ల పడి ఆలస్యం చేస్తివి.
పదిమంది అయితెనే ఆట ఏస్తరు, లేకుంటె పైసలు వాపస్.
ఇయ్యాల కిటికీ కాడ తొమ్మిది మందిని లెక్కవెట్టి వచ్చిన.
కెమెరా సంచిల పెట్టు.
జల్ది నడువు.